పాత వాకిళ్ల లెక్క

విశాఖపట్టణమునకు ఉత్తరమున జాతీయ రహదారిపైనున్న ఆనందపురము మొన్నమొన్నటివరకు పూలసంతకును, దారుల కూడలికిని పేరువడసిన యూరు. 2025 అక్టోబరు 14వ తేదీన ఢిల్లీలో జరిగిన ఒడంబడికతో ఆ మండలమునందలి తర్లువాడ పేరు దేశమంతట వినవచ్చెను. గూగులు సంస్థ ఐదేండ్లలో సుమారు 15 బిలియను డాలర్లు వెచ్చించి విశాఖ ప్రాంతమున నిర్మింపదలచిన డేటా సెంటరులకు తర్లువాడ, అడవివరము, రాంబిల్లి అను మూడు తావులు నిర్ణయింపబడినవి. నాటినుండి భూముల ధరను గూర్చియు, నీటిని గూర్చియు, విద్యుత్తును గూర్చియు, ఉద్యోగముల సంఖ్యను గూర్చియు వాదోపవాదములు జరుగుచున్నవి. అవి యన్నియు జరుగవలసినవే. కాని యొక ప్రశ్న మాత్రము అంతగా వినవచ్చుట లేదు. సర్వరున్న గదికి కావలివాడు కనబడుచున్నాడు. ఆ సర్వరులోనికి దూరమునుండి ప్రవేశించువారికి కావలి యెవరు? ప్రవేశించినవారి లెక్క యెవరియొద్ద నున్నది?

ఈ ప్రశ్న ముఖ్యముగ గూగులును గూర్చినది కాదు. ఆ సంస్థ తన వాకిళ్లను తాను కాచుకొనగలదు. 2009 డిసెంబరులో తన యంత్రములపై దాడి జరిగినదని 2010 జనవరిలో లోకమునకు తెలిపినది మొదలు, లోపలివాడైనను బయటివాడైనను ప్రతి ప్రవేశమును విడివిడిగ పరీక్షించు పద్ధతిని అది యేర్పరచుకొన్నది. మేమడుగునది మన సొత్తైన సర్వరులను గూర్చి. విద్యుత్తు పంచు సంస్థలు, రేవు, ఉక్కు కర్మాగారము, ఖజానా, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు, వీనియన్నిటి లెక్కలు నేడు సర్వరులలోనే యున్నవి. వానిలో పెక్కింటిని నడుపునది యూనిక్సు గాని, దాని పోలికతో పుట్టిన లినక్సు గాని. యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు పుట్టినది. ఒక యంత్రమును పెక్కుమంది యేకకాలమున వాడుకొనుటకే దానిని నిర్మించిరి. కావున దూరమునుండి లోనికి వచ్చుట దానికి కొత్త విద్య కాదు. పని నేర్చిన యింజనీరు యంత్రమున్న గదిని చూడకయే సంవత్సరములు గడపవచ్చును. అతడు మధురవాడలో నుండవచ్చును, బెంగుళూరులో నుండవచ్చును, కాలిఫోర్నియాలో నుండవచ్చును.

అట్లు వచ్చుటకు తొలిదినములలో నేర్పడిన మార్గములు టెల్నెట్టు, ఎఫ్.టి.పి., ఆర్‌లాగిన్, ఆర్.ఎస్.హెచ్. అనునవి. టెల్నెట్టు 1969నాటిది. ఆర్‌లాగిన్, ఆర్.ఎస్.హెచ్. అను రెండును 1980లలో బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్సుతో వ్యాపించినవి. టెల్నెట్టులో మనము కొట్టిన ప్రతి యక్షరమును, పాస్‌వర్డుతో సహా, తపాలాకార్డుపై వ్రాసినట్లు తెరచియే పోవును. దారిలోనున్నవాడు చదువుకొనవచ్చును. ఆర్‌లాగిన్, ఆర్.ఎస్.హెచ్. లలో మరియొక చిత్రము గలదు. ‘ఫలాని యంత్రమునుండి వచ్చువాడు మనవాడే, పాస్‌వర్డడుగ నక్కరలేదు’ అని యొక చిన్న ఫైలులో వ్రాసియుంచిన చాలును, తలుపు తెరచుకొనును. వచ్చినవాడు తన యూరిపేరు నిజముగ చెప్పినాడా లేదా యని విచారించు దిక్కుండదు. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో విడువబడిన మారిస్ పురుగు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకుటకు వాడుకొన్న దారులలో ఈ నమ్మకపు దారియు నొకటి. 1994లో ఏ.ఐ.ఎక్స్. అను ఐ.బి.ఎం. వారి యూనిక్సులో ఆర్‌లాగిన్ ద్వారా పాస్‌వర్డు లేకయే సర్వాధికారియైన రూటుగ ప్రవేశింపవచ్చునని బయటపడెను. లాగిను ప్రోగ్రామునకు ఒక గుర్తును జోడించి పంపుటయే ఆ కిటుకు. పదుమూడేండ్లకు, 2007 ఫిబ్రవరిలో, సోలారిస్ 10 అను మరియొక సంస్థ యూనిక్సులో టెల్నెట్టునందు అదే జాతి లోపము తిరిగి కనబడెను. ఒకయింట దొంగ పడిన దారిని పొరుగింటివారు మూసికొనరైరి.

1995లో ఫిన్లండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున తట్టు యులొనెన్ అను పరిశోధకుడు, తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులను పొంచియుండి పట్టుకొన్నట్లు తెలిసిన పిమ్మట, ఎస్.ఎస్.హెచ్. అను కొత్త మార్గమును కల్పించెను. దీనిలో మాటలన్నియు గుప్తలిపిలో పోవును. యంత్రము తన గుర్తింపును తాను రుజువు చేయవలెను. వచ్చువాడు పాస్‌వర్డునకు బదులు గణితపు తాళపుచెవిని చూపవచ్చును. 1999లో ఓపెన్‌బి.ఎస్.డి. వారు దీనికి వెలలేని రూపమగు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను ప్రకటించిరి. ఇక మిగిలిన పని పాతదానిని విడిచి కొత్తదానికి మారుటయే. వ్రాయుటకు ఒక వాక్యము. చేయుటకు ముప్పదియేండ్లు చాలలేదు.

ఎందుచేత? అధికారుల సోమరితనమని చెప్పి యూరుకొనుట తేలిక. అది కొంత నిజమే గాని, మొత్తము కాదు. ఆనందపురమునుండి పెందుర్తిమీదుగ అనకాపల్లికి ఆరు వరుసల రహదారి పడినది. పెద్ద లారీలన్నియు నగరమును తప్పించుకొని ఆ దారిని పోవునని యనుకొంటిమి. అంతమాత్రమున నగరము గుండ పోవు పాతదారి నిర్మానుష్యమైనదా? రేవునకు పోవలసిన బండి యున్నది. దారిలో సరకు దింపవలసినది యున్నది. కొత్తదారి తెలియనిదియు నున్నది. పాతదారిపై నేడును పోవు బండ్లను నిలుచుండి లెక్కించినగాని వాని సంగతి తెలియదు. సర్వరుల దారియు నట్టిదే. పదియేండ్లనాడు బదిలీపై పోయిన గుమాస్తా వ్రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము ప్రతిరాత్రి రెండుగంటలకు లేచి, ఆర్.ఎస్.హెచ్. ద్వారా మరియొక యంత్రములోనికి పోయి, నాటి వసూళ్ల ఫైలును తెచ్చుచుండును. అది మనిషి కాదు, ఉత్తరువు చదువదు, శిక్షణ తరగతికి రాదు. ‘ఒకటవ తేదీనుండి టెల్నెట్టు, ఆర్.ఎస్.హెచ్. నిషేధము’ అని కాగితముపై సంతకము చేసి తలుపు మూసినచో రెండవ తేదీ ఉదయమున వసూళ్ల లెక్క రాదు. కేకలు పుట్టును. తలుపు తిరిగి తెరువబడును. ఒకమారు అట్లు తెరచిన తలుపును మరల మూయించు ధైర్యము ఏ అధికారికిని సాధారణముగ నుండదు. తొందరపడి మూసినవాడును, అసలు మూయనివాడును చివరకు ఒకచోటనే చేరుకొందురు.

కావున మూయుటకు ముందు లెక్కింపవలెను. ఇచ్చటనే మన కార్యాలయములలో పొరపాటు జరుగుట కవకాశము గలదు గనుక కొంత వివరముగ చెప్పెదము. ప్రతి యూనిక్సు యంత్రమును వచ్చిపోయినవారి పట్టీ నొకదానిని ఉంచుకొనును. ‘లాస్ట్’ అని కొట్టినచో ఎవరు, ఏ యంత్రమునుండి, ఎప్పుడు వచ్చి యెప్పుడు పోయిరో వరుసగ చూపును. ఇది చాలునని పెక్కుమంది తలంతురు. చాలదు. టెల్నెట్టు ద్వారా వచ్చినవాడును, ఎస్.ఎస్.హెచ్. ద్వారా వచ్చినవాడును ఆ పట్టీలో ఇంచుమించుగ ఒక్కతీరుననే కనబడుదురు. సత్రము పుస్తకములో అతిథి పేరు వ్రాసిరి గాని, వీధివాకిట వచ్చెనో దొడ్డివాకిట వచ్చెనో వ్రాయలేదన్నమాట. అంతకంటె చిక్కైనది మరియొకటి. ఒక ఆజ్ఞను మాత్రము నడిపించి పోవుటకు ఆర్.ఎస్.హెచ్. ద్వారా వచ్చినవాడును, ఎస్.ఎస్.హెచ్. ద్వారా ఫైలును మాత్రము పట్టుకొనిపోయినవాడును ఆ పట్టీలోనికి ఎక్కనే యెక్కరు. పైన చెప్పిన రాత్రి రెండుగంటల ప్రోగ్రాము సరిగ నీ కోవలోనిదే. ఏ పట్టీని చూచి ‘పాతదారిని ఎవరును వాడుటలేదు’ అని సంతకము చేయుదుమో, ఆ పట్టీకి అది కనబడనే కనబడదు.

మరి దేనిని చూడవలెను? ఎస్.ఎస్.హెచ్. తనంతట తాను సిస్టము లాగ్‌లో ప్రతి ప్రవేశమును, పాస్‌వర్డుతోనా తాళపుచెవితోనా, ఏ చిరునామానుండి, ఏ చెవితో అను వివరముతో సహా వ్రాయును. పాత మార్గములకు సాధారణముగ నొకే ద్వారపాలకుడుండును. ఐనెట్‌డీ అను ఆ ప్రోగ్రాము అన్ని తలుపులవద్ద తానే చెవియొగ్గి, ఎవరైన తట్టినప్పుడు తగిన సేవకుని లేపును. ఆ ద్వారపాలకునిచేత తట్టినవారి పేర్లను వ్రాయించుట కష్టము కాదు. నెదర్లాండ్సులోని ఐండ్‌హోవెన్‌లో వీట్సె వెనెమా 1990లో వ్రాసిన టి.సి.పి. ర్యాపర్ అను చిన్న సాధనము ఈ పనికే పుట్టినది. యంత్రమును తాకుటకు వీలులేనిచోట నెట్‌వర్కునందే లెక్కింపవచ్చును. టెల్నెట్టుకు 23, ఎఫ్.టి.పి.కి 21, రెక్సెక్, ఆర్‌లాగిన్, ఆర్.ఎస్.హెచ్. లకు 512, 513, 514, ఎస్.ఎస్.హెచ్.కు 22 అని వాకిళ్లకు నెంబరులున్నవి. ఏ వాకిలికి ఏ చిరునామానుండి ఎన్నిమార్లు రాకపోకలు జరిగినవో చూచిన చాలును. ఇచ్చట నొక హెచ్చరిక. లెక్కించుచున్నామను పేరిట మాటలనుకూడ పట్టి దాచినచో పాత మార్గమున పోవు పాస్‌వర్డులన్నియు కావలివాని చేతిలోనే పడును. చిరునామాలు చాలును, ఉత్తరములు విప్పనక్కరలేదు.

లెక్క దొరికిన పిమ్మటను దానిని చదువు నేర్పు వలయును. ఇంటర్నెట్టుకు ఎదురుగనున్న 22వ వాకిలిని ప్రపంచపు నలుమూలలనుండి దొంగ ప్రోగ్రాములు రేయింబవళ్లు తట్టుచుండును. ఆ విఫలప్రయత్నముల సంఖ్యను పెద్దగ చూపి ‘ఇన్ని దాడులను అడ్డితిమి’ అని చాటుకొనుట యొక వేడుక. దానివలన తెలియునది స్వల్పము. తెలిసికొనవలసినది సఫలమైన ప్రవేశములను గూర్చి. వానిలో మనము పేరుపెట్టి గుర్తింపలేనివి యెన్ని? పదిమంది ఒకే రూటు పేరుతో వచ్చుచున్నచోట, లేక అందరును ఒకే మధ్యయంత్రముమీదుగ వచ్చుచున్నచోట, పట్టీలో పేరు కనబడును గాని మనిషి కనబడడు. అట్టిచోట ఎవరి చెవి వారికి వేరుగ నిచ్చి, చెవి గుర్తునుబట్టి మనిషిని పోల్చుకొనవలెను.

ఎన్నాళ్లు లెక్కింపవలెను? కేంద్రప్రభుత్వపు సైబర్ రక్షణ సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28వ తేదీన నిచ్చిన యుత్తరువులో, లాగ్‌లను 180 దినములు దేశమునందే యుంచవలెననియు, ఉపద్రవమును కనుగొన్న 6 గంటలలోపల తెలుపవలెననియు, గడియారములన్నిటిని ప్రభుత్వము నిర్దేశించిన కాలమానముతో సరిచూచుకొనవలెననియు విధింపబడినది. మంచి యుత్తరువే. గడియారపు నియమము చిన్నదిగ కనబడును గాని, రెండు యంత్రముల పట్టీలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి దాని విలువ తెలియును. కాని మార్గములు మార్చుకొను సంస్థకు 180 దినములు చాలవని మా యభిప్రాయము. నెలసరి జీతముల పని నెలకొకమారు లేచును. మూడునెలల పన్ను లెక్క మూడునెలల కొకమారు లేచును. మార్చి 31 ముగింపు లెక్కలు సంవత్సరమున కొకమారే లేచును. జూలైనుండి డిసెంబరువరకు నిష్ఠగ లెక్కించినవానికి మార్చిలో లేచు ప్రోగ్రాము కంటబడదు. కావున లెక్క యొక పూర్తి సంవత్సరమును చుట్టిరావలెను. కనీసము ఒక మార్చినైనను చూడవలెను. ఆ లెక్కను ఆ యంత్రములోనే యుంచరాదు. రూటైనవాడు తన యడుగుజాడలను తానే తుడిచివేయగలడు గనుక, వ్రాసిన ప్రతి వాక్యమును వెంటనే వేరొక యంత్రమునకు పంపివేయవలెను.

ఇదంతయు ఇతరదేశముల కథయని మనవారు తలంపరాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దాడి ప్రపంచమంతట వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లును కొన్ని జిల్లాలలో దాని వాతబడినవి. అవి యూనిక్సువి కావు, విండోసువి. కాని పాఠమదియే. దొంగ వచ్చిన దారి ఎస్.ఎం.బి. మొదటి రూపము. దానిని విడిచిపెట్టుడని తయారుచేసినవారే 2016లో చెప్పియుండిరి. లోపమును మాన్పు సవరణ 2017 మార్చిలోనే, అనగా రెండునెలల ముందే, వెలువడియుండెను. పాతవాకిలి తెరచియున్నదని తెలిసికొన్నది దొంగ వచ్చిన తరువాత. 2019 ఏప్రిల్ చివర రెండు తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటరు వ్యవస్థలపై రాన్సమ్‌వేరు దాడి జరిగినది. వాని వెబ్‌సైట్లు నిలిచిపోయినవి. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని ఎయిమ్సు ఆసుపత్రి సర్వరులు పడిపోగా, దేశపు పెద్ద వైద్యశాలలో దినములతరబడి చీటీలు చేతితో వ్రాసిరి. మందులవాడకు రోగి వరుసలో నిలుచుండవలసి వచ్చెను. అతనికి ఎస్.ఎం.బి. యననేమో, ఎస్.ఎస్.హెచ్. యననేమో తెలియనక్కరలేదు. వానిని తెలిసికొనుటకు జీతము పుచ్చుకొనువారు వేరుగ నున్నారు.

కొత్తదారికి మారిన దినమున పని ముగిసినదనుకొనుటయు భ్రమయే. ఎస్.ఎస్.హెచ్. తాళపుచెవి కొక దుర్గుణము గలదు. దానికి సాధారణముగ గడువుండదు. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయిన కంపెనీ మనిషి చెవి సర్వరులోని ఫైలులో నట్లే కూర్చుండును; పాస్‌వర్డులు మార్చినను అది మారదు. ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. వారు పాత తాళములను ఒక్కొక్కటిగ తీసివేయుచున్నారు. 2021లో పాతపద్ధతి ఆర్.ఎస్.ఏ. సంతకములను నిలిపిరి. 2025లో డి.ఎస్.ఏ. చెవులను పూర్తిగ తొలగించిరి. రానున్న క్వాంటము యంత్రములకు లొంగని పద్ధతిని అదే సంవత్సరమున ముందువరుసలో నిలిపిరి. అనగా మార్పు మరల మొదలైనది. లెక్కయు మరల మొదలుపెట్టవలెను. ఇక 2024 మార్చి 29వ తేదీన బయటపడిన ఎక్స్.జెడ్. ఉదంతము అందరికిని కనువిప్పు. ఎస్.ఎస్.హెచ్.లోనికి దొడ్డిదారిన ప్రవేశించుటకు ఎవరో రెండేండ్లకు పైగా ఓపికతో ఒక సహాయక గ్రంథాలయములో కన్నము త్రవ్విరి. దానిని పట్టుకొన్నది ఏ ప్రభుత్వమును కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన పనిలో ఎస్.ఎస్.హెచ్. ప్రవేశము అరసెకను ఆలస్యమగుచున్నదని గమనించి, ఆ అరసెకను ఎచ్చటికి పోయినదని విచారించెను. ముందెంత పట్టెడిదో తెలిసియున్నవాడు గనుకనే యాలస్యమును గుర్తించెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మన సంస్థలు సర్వరులను నడుపు పనిని పెద్ద కంపెనీల కప్పగించుచున్నవి. దానిని మేము తప్పుపట్టము; వైద్యుని పిలుచుట రోగికి చిన్నతనము కాదు. కాని పని చేయువాడే తన హాజరుపట్టీని తానే వ్రాసికొని, తానే భద్రపరచుకొని, మనమడిగినప్పుడు నకలు పంపుట యే దేశపు న్యాయము? ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ప్రాణములొడ్డి సాధించుకొన్న కర్మాగారపు గడ్డ యిది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి బాంబులు పడినప్పుడు ఈ రేవునకు ఆకాశమునుండి రాగల శత్రువును ముందుగ చూచు కన్ను లేకపోయెను. తరువాతి కాలమున తూర్పు నౌకాదళపు ప్రధానస్థానమే యిచ్చట వెలసినది. సముద్రమును చూచుటకు రాడారు పెట్టుకొన్నవారము, 22వ వాకిలిని చూచుటకు పరాయివాని కన్ను నమ్ముకొనుట వింతగ నున్నది. కంపెనీతో చేసికొను ప్రతి ఒడంబడికలోను ప్రవేశపట్టీ పుట్టిన క్షణముననే సంస్థ సొంత యంత్రమునకు చేరవలెనని షరతు వ్రాయవలెను. కాంట్రాక్టు ముగిసిననాడు ఎన్ని చెవులు రద్దయినవో సంఖ్యతో సహా చూపినగాని తుది బిల్లు చెల్లింపరాదు.

తర్లువాడ రైతుకు దీనితో నేమి పని యని యడుగువా రుండవచ్చును. భూమి యిచ్చిన యింటి కుఱ్ఱవానికి గేటువద్ద కావలి యుద్యోగము చూపి తృప్తిపడువారు మనలో చాలమంది గలరు. కావలి యుద్యోగము హీనమని మేమనము. కాని ఆ గేటులోనుండి దినమునకు పట్టుమని నూరుగురైనను పోరు. 22వ వాకిలిగుండ వేలమంది పోవుదురు. ఆ రెండవ గేటు కావలియు మన పిల్లలు నేర్వదగిన పనియే. దానికి కావలసినది యూనిక్సు లాగ్‌లను చదువు శిక్షణ, ఒక సంవత్సరపు ఓర్పు. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆనందపురమునకు గంట ప్రయాణములోపలనే యున్నది. ప్రభుత్వ సంస్థల సర్వరులలో పాత వాకిళ్లను లెక్కించు పనిని, తగిన పర్యవేక్షణతో, ఆ విద్యార్థులకే యేల యొప్పగింపరాదు?

రాష్ట్రప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. ప్రతి ప్రభుత్వసంస్థయు తన సర్వరులలో టెల్నెట్టు, ఎఫ్.టి.పి., ఆర్‌లాగిన్, ఆర్.ఎస్.హెచ్. ద్వారా ఒక నెలలో జరిగిన సఫలప్రవేశముల సంఖ్యను శాసనసభముందుంచవలెను. యంత్రముల పేర్లు వలదు, చిరునామాలు వలదు. అవి దొంగకు పనికివచ్చును. సంఖ్య చాలును. ఆ సంఖ్య నెలనెలకు తగ్గుచున్నదా లేదా యని మేము చూచుకొందుము. సున్న యని వ్రాసి పంపిన సంస్థను మాత్రము, అది యే పట్టీని చూచి వ్రాసినదో మొదట నడుగవలెను.